నాలుగొందల పన్నెండు కుప్పలు

మొన్న మా వూరి లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళాను. చదవడానికని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి బేరమాడడానికే వెళ్ళాను. జిల్లా సంగతులు రాసిన ఒక లావుపాటి పుస్తకం చేతికొచ్చింది. అట్ట ఊడింది కాబట్టి ఎంత తగ్గించమనవచ్చు అని ఆలోచిస్తూ పేజీలు తిప్పుతుంటే, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న రేవు పట్టణం పేరు కనిపించింది. దాని కింద మూడే మూడు ముక్కలు. ఇసుక నేల అట. ఉప్పు, ఎండుచేపలు దొరుకుతాయట. జనాభా స్వల్పమట.

స్వల్పం దగ్గర నా వేలు ఆగిపోయింది. పక్కన ఎవరో నిలబడి, "స్వల్పం అంటే ఎంత? అంకె చెప్పమను," అన్నట్టనిపించింది. ఆ గొంతు విని ఎన్నో యేళ్ళయింది. పుస్తకం అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను. కొనకుండా వచ్చినందుకు కాదు, బేరం కూడా ఆడకుండా వచ్చినందుకు మా ఇంట్లోవాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఆమెను మా నరసరావుపేట సంతలో అందరూ రేవు పిన్నమ్మ అనేవాళ్ళు. సొంత పేరు ఏదో ఉండే ఉంటుంది. ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె సంగతి అర్థం కాదు. మా నాయనకు కిరాణా కొట్టు. ఎడంపక్క నూనె కొట్టు, కుడిపక్క గుడ్డల కొట్టు, ఎదురుగా బెల్లం. నాకు మాటలు రాకముందే బేరం వచ్చిందని మా అమ్మ అనేది. మా బజారులో ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడు ఏ అంకె చెప్పినా అది నిజం అంకె కాదని ఇద్దరికీ తెలుసు. కొనేవాడు దాన్ని సగం చేసి, ఆ సగం మీద మర్యాదకు కొంచెం కలుపుతాడు. అక్కడ ఉంటుంది నిజం. ఈ పద్ధతి నాకెంత ఒంటబట్టిందంటే, పెళ్ళిచూపుల్లో అమ్మాయికి పద్దెనిమిదో యేడని చెప్పగానే, తొమ్మిదేళ్ళ పిల్లను కట్టబెడుతున్నారేమోనని ఒక్క క్షణం కంగారుపడ్డాను.

అటువంటి బజారులోకి ప్రతి సంతకూ ఆమె రైలు దిగి వచ్చేది. సముద్రపు ఒడ్డు నుంచి పడవలో కొంత దూరం, రైల్లో కొంత దూరం, గుంటూరులో బండి మారి మాచర్ల రైలెక్కి మా వూరు. రెండు గోతాలు. ఒకదాన్లో రాళ్ళ ఉప్పు, ఒకదాన్లో ఎండు నెత్తళ్ళు. మా కొట్టు అరుగు కింద, చూరు నీడ పడే చోట కూర్చునేది. చేపల వాసనకు మా నాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొని రోజంతా సణిగేవాడు. అలా సణుగుతూనే, ఆమె దగ్గర నెత్తళ్ళు కొన్నవాళ్ళను పేరు పెట్టి పిలిచి, "పులుసులోకి చింతపండు మన దగ్గర కొత్తది వచ్చింది," అని చెప్పేవాడు. ఆమెను అక్కణ్ణుంచి లేపమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

సన్నటి మనిషి. నల్లటి పాదాలు, మడమల పగుళ్ళలో ఎప్పుడూ తెల్లగా ఉప్పు. ఏదైనా లెక్కపెట్టేటప్పుడు వేళ్ళు మడిచేది కాదు. అరచేయి బోర్లించి, నేలమీద ఒక్కొక్క చోట మెత్తగా అదిమేది. ఒకటి. కొంచెం పక్కకు జరిపి మళ్ళీ. రెండు. ఇదేం లెక్కో మాకు చాలాకాలం తెలియలేదు.

ఆమె దగ్గర ధర ఒకటే మాట. చెప్పిందే ఇవ్వాలి. మా సంతలో అది వింత కాదు, అవమానం. నకరికల్లు నుంచి వచ్చే ఒక ఇల్లాలు ప్రతివారం గొడవ పడేది.

"కొంచెం తగ్గించకూడదా పిన్నమ్మా? ఇంత దూరం నడిచొచ్చా."

"నేనెంత దూరం నుంచి వచ్చానో అడగవేం?"

"మాట వరసకైనా తగ్గిస్తే నీ సొమ్మేం పోయిందే?"

"నేను మాట వరసకు పెంచలా. పెంచితే గదా తల్లీ తగ్గించేది."

ఆ ఇల్లాలు విసురుగా వెళ్ళిపోయి, సంతంతా తిరిగి, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చి కొనేది. ఉప్పు కోసం కాదు, మర్నాడు పొయ్యి దగ్గర ఇంకో నలుగురికి చెప్పుకోవడానికి ఆ గొడవ కావాలి.

మా పల్నాటివాళ్ళకు అప్పట్లో సముద్రం అంటే ఒక నమ్మలేని సరుకు. వాన పడితే సేద్యం, లేకపోతే ఆకాశం కేసి చూపు. కారంపూడి వైపు నుంచి మిరపకాయల బండి తోలుకొచ్చే ఒక రైతు ఉండేవాడు. మనిషి ఆరడుగులు, అనుమానం ఏడడుగులు. ఒకనాడు బండి దించి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సముద్రం సముద్రం అంటావ్. మా చెరువు కంటే ఎంత పెద్దది?"

"అవతలి గట్టు కనపడదు నాయనా."

"మంచు పడితే మా చెరువుకూ కనపడదు. కట్ట ఏ పక్కనుంది?"

"కట్ట లేదు."

"కట్ట లేకుండా నీళ్ళెట్టా నిలబడతయ్? సరే పో. తూము ఎక్కడ?"

"తూమూ లేదు."

"ఎన్ని ఎకరాలు పారుద్ది మరి?"

"సెంటు గూడా పారదు."

రైతు తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అన్ని నీళ్ళుండి సెంటు పారకపోతే అదేం సముద్రం? మీ వూళ్ళో పెద్దమనుషులెవరూ లేరా? కలెక్టరుకు ఒక అర్జీ పెట్టుకోపోయారా?"

"పెట్టాం. ఆయన సముద్రానికి రాశాడంట. జవాబు రాలా."

రైతు నవ్వలేదు. ఆలోచిస్తూ వెళ్ళాడు.

మధ్యాహ్నం సంత పలచబడ్డాక ఆమె ఖాళీ గోతం పరిచి, గుప్పెటతో ఉప్పు పోస్తూ తన వూరు గీసేది. గోతానికి తూర్పు అంచంతా సముద్రం. దక్షిణాన ఏరు వచ్చి కలిసే మొగ, అక్కడ మడ చెట్లు. పడమట ఉప్పు మడులు, వాటి గట్టు మీద ఉప్పు ఆఫీసరు బంగళా. ఉత్తరాన తాడితోపు. తోపులో ఒక్కచోట ఇసుకలో చెయ్యి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు. వూరందరికీ అవే నీళ్ళు. మధ్యలో మూడు వీధులు. పెద్దవీధిలో పడవలున్నవాళ్ళు. వలల వీధిలో వలలు అల్లేవాళ్ళు, లాగేవాళ్ళు. సాయిబుల వీధిలో పడవలకు మేకులు కొట్టేవాళ్ళు, చేపలు ఎండేసి పై వూళ్ళకు పంపే వర్తకులు. ప్రతి వీధిలో గుమ్మాలు ఏ దిక్కుకుంటాయో, ఎందుకుంటాయో చెప్పేది. తూర్పు గుమ్మం పెడితే గాలికి ఇంట్లో దీపం నిలవదట. కానీ పడవ మీద మనిషి వెళ్ళిన ఇంటికి తూర్పున ఒక చిన్న కిటికీ తప్పకుండా ఉంటుందట.

ఎవరైనా ఉప్పుకు వస్తే, సంతవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "పిన్నమ్మా, ఆ పెద్దవీధి నాకు కొలిచిపెట్టు." ఆమె నిజంగానే పెద్దవీధి ఎత్తి కొలిచిచ్చి, మళ్ళీ గోతంలోంచి ఉప్పు తీసి, అదే చోట అంతే పొడుగున పెద్దవీధి పోసేది. ఒక్క వేలెడు కూడా తగ్గేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నమే నేను నోరు జారాను. మా ఇంటికి కావలసిన ఉప్పు కొలిచి మా తట్టలో పోసింది. నేను తట్ట ఎత్తుకుంటూ, వూరికే ఉండలేక అడిగాను.

"ఇంత చెప్తావు గానీ పిన్నమ్మా, మొత్తం మీద మీ వూళ్ళో ఎన్ని కొంపలుంటయ్?"

"కొంపలు నాకు తెలీదు. పొయ్యిలు చెప్తా. నాలుగొందల పన్నెండు."

"రెండొందలు వేసుకుందాం."

ఆమె తలెత్తింది. "ఏంది?"

చుట్టూ నలుగురు చేరారు. నలుగురు చేరితే నా నాలుక నా మాట వినదు. "సరే, నీ మాటా కాదు, నా మాటా కాదు. రెండొందల ముప్పై. అంతకంటే నాకు గిట్టదు."

అందరూ నవ్వారు. ఆమె నా చేతిలోంచి తట్ట తీసుకొని, అందులో ఉప్పు మళ్ళీ తన గోతంలో పోసేసింది.

"అట్టాగే తగ్గిద్దాం అబ్బాయ్. నూట ఎనభై రెండు పొయ్యిలు తీసెయ్యాల. ఏ వీధి నుంచి మొదలుపెడదాం? వలల వీధిలో మొదట గుడ్డి ముసలామె ఉంటది. ఆమెను తీసేద్దామా? పక్కింట్లో మొన్న పురుడొచ్చింది. ఆ పొయ్యి ఆర్పమంటావా? నువ్వే చెప్పు. వేలు పెట్టి చూపించు."

గోతం మీద ఉప్పు వీధులు ఎండకు మెరుస్తున్నాయి. నేను వేలు పెట్టలేదు. అప్పుడు చెప్పింది, అరచేయి నేలకు అదమడం ఎందుకో.

వాళ్ళ వూళ్ళో అలివి వల అని పెద్ద వల వేస్తారు. ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ మీద సముద్రంలోకి చుట్టు తిప్పి, రెండో కొస ఒడ్డుకు తెచ్చి వూరంతా కలిసి లాగుతారు. పడిన చేపల్లో పడవవాడి భాగం, వలవాడి భాగం తీశాక, మిగిలింది వూరిది. దాన్ని ఒడ్డున ఇసుకలో కుప్పలు పెడతారు. పొయ్యికి ఒక కుప్ప. లాగలేని ముసలివాళ్ళకూ కుప్పే, మొగుడు పోయినదానికీ కుప్పే, బాలింతకూ కుప్పే. కుప్పకొక చోట ఇసుకను అరచేత్తో అదిమి గుంట చేస్తారు, చేపలు జారిపోకుండా. ఆ గుంటలు చెయ్యడం ఆమె పని. ఆమెకు ముందు ఆమె అత్త చేసేది.

"ఒక్క గుంట మర్చిపోతే ఒక ఇంటో పస్తు అబ్బాయ్. అందుకని మాకు మనుషుల లెక్కలో బేరం లేదు. ఉన్నది ఉన్నంతే."

రెండు నెలలు మాకు ఉప్పు అమ్మలేదు. మా అమ్మ వేరేచోట కొనుక్కుంటూ, "దేన్ని బేరమాడాలో తెలీక ఉప్పు పోగొట్టిన మొనగాడు," అని నన్ను వచ్చేపోయేవాళ్ళకు చూపించేది. ఆఖరికి నేనే దిగివచ్చాను. ఆమె ఒక శిక్ష వేసింది. కొలత గిన్నె గోతంలో ముంచి పట్టుకొని, "ఎన్ని?" అని అడిగేది. నేను సంతంతా వినేట్టు నాలుగొందల పన్నెండు అనాలి. అన్నాకే ఉప్పు. ఒకవారం అలా అంటే తల అడ్డంగా తిప్పింది. "పదకొండు. సాయిబుల వీధిలో ఒక పొయ్యి ఆరింది." మూడు వారాల తర్వాత మళ్ళీ పన్నెండు. పెద్దవీధిలో ఒక కొత్త కాపురం పెట్టారట.

నాలుకైతే పలికేది. మనసులో మాత్రం నేను రెండొందల ముప్పై దగ్గరే ఉన్నాను. ఎంత నిజాయితీపరురాలైనా కాస్త కలపకుండా ఉంటుందా అని నా నమ్మకం. మా బజారులో పుట్టినవాడికి అంతకంటే మంచి నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

స్వరాజ్యం వచ్చిన తర్వాతి మాట ఇది. ఆ యేడు వానకారు ఆఖర్న తుపాను వచ్చింది. మా వూళ్ళోనే రేకులు లేచిపోయాయి. సంతకు వచ్చిన ఆమె ఇక్కడే చిక్కుకుపోయింది. రైళ్ళు ఆగిపోయాయి. సముద్రం వూళ్ళ మీదికి వచ్చిందని స్టేషన్లో చెప్పుకున్నారు. ఏ వూళ్ళ మీదికో, ఎంత దూరం వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆమె నాలుగు రోజులు మా అరుగు మీద కూర్చుంది. పొద్దున స్టేషనుకు వెళ్ళి అడిగి వచ్చేది. మా వీధి ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చొని కళ్ళు తుడుచుకుంటే, వాళ్ళ మీదే కసిరింది.

"ఎందుకమ్మా ఏడుస్తారు? నేను ఏడవలేదు గదా. అక్కడికెళ్ళి చూస్తాను. ఏడవాల్సిందుంటే అప్పుడు ఏడుస్తాను. ఇక్కడ ఏడిస్తే అక్కడ ఎవరు చచ్చినట్టు?"

నాలుగో రోజున ఆమె వూరి దగ్గరి స్టేషను దాకా రైలు పోతుందని కబురొచ్చింది. ఆ పొద్దునే మా బజారు వర్తకులం నూనె మిల్లులో కూడాం. మిల్లు యజమాని, మాకందరికీ పెద్దాయన, పెద్ద మనసుతోనే మాట్లాడాడు. ఇన్నాళ్ళు మన వూరికి ఉప్పు పెట్టిన వూరు, మనం తిండి పంపాలి అన్నాడు. పొయ్యికి ఒక మూట అనుకున్నాం: నాలుగు శేర్ల జొన్నలు, గుప్పెడు మిరపకాయలు, ఒక అగ్గిపెట్టె, వీటిని కట్టడానికి ఒక దుప్పటి. ఎన్ని పొయ్యిలో ఆమెను పిలిచి అడిగారు. చెప్పింది. పట్టీ రాసే పని నాది.

రెండొందల ముప్పై అని రాశాను.

దుర్మార్గం కాదు. చెయ్యి దానంతట అదే రాసింది. పైగా పెద్దాయన పట్టీ చూసి, "రెండొందలు చాలవంట్రా?" అంటే, "లేదండీ, ఆ ముప్పై ఉండాల్సిందే," అని గట్టిగా వాదించి గెలిచాను. మధ్యాహ్నం దాకా నా దయాగుణానికి నేనే మురిసిపోతూ తిరిగాను.

మూటలన్నీ ప్లాట్‌ఫారం మీద చేర్చాం. సాయంత్రం బండికి ఒక పెట్టె తగిలిస్తామని స్టేషన్ మాస్టరు ఒప్పుకున్నాడు. ఆమె వచ్చి, కూలీలను పెట్టె దగ్గర ఆపేసి, మూటలు వరసలుగా పేర్పించింది. తర్వాత వంగి నడుస్తూ ఒక్కొక్క మూట మీద అరచేయి అదుముతూ పోయింది. చివరి మూట మీద చెయ్యి ఉంచి అలాగే ఆగింది.

"మిగతాయి ఏ బండ్లో వస్తున్నయ్?"

"ఇవే పిన్నమ్మా," అన్నాను.

అప్పుడు నా ముఖం చూసింది. చూడగానే తెలిసిపోయింది ఆమెకు. సంతలో నేను చెప్పిన అంకె మర్చిపోయే మనిషి కాదు. వెళ్ళి పెట్టె తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"ఎక్కించొద్దు. ఒక్క మూట గూడా."

పెద్దాయన వచ్చాడు. "ఏమమ్మా, పెట్టేవాళ్ళ చెయ్యి పట్టుకుంటావా? ఉన్నయ్యి తీసుకుపో. అక్కడ విప్పి కలిపి, అందరికీ తలా కాస్త సర్దుకోండి."

"సముద్రం తక్కువ ఇచ్చిన రోజు సర్దుకుంటాం అయ్యా. గుప్పెడు చేపలు పడితే గుప్పెడే పంచుకుంటాం, ఎవరినీ ఒక్క మాట అనం. ఇది సముద్రం ఇచ్చింది కాదు. మీరు పొయ్యికో మూట అన్నారు. అని, పొయ్యిలు తగ్గించారు. మీరు సముద్రమా?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. అయినా ఓర్చుకున్నాడు. ఓర్చుకొని అనగూడని మాట అన్నాడు. "తుపానులో ఎందరు పోయారో, ఎందరు మిగిలారో నీకేం తెలుసు? సగం వూరు కొట్టుకుపోయుండొచ్చు. లేనోళ్ళకు కూడా పంపమంటావా?"

ఆమె లేవలేదు, గొంతు పెంచలేదు.

"పంపాలయ్యా. మా వూళ్ళో పడవ తిరిగి రాకపోయినా మూణ్ణాళ్ళు ఆ ఇంటి కుప్ప పెడతాం. వచ్చి తీసుకోలేదని కళ్ళతో చూశాక గుంట పూడుస్తాం. నా వాళ్ళు ఉన్నారో పోయారో నేను చూడలేదు. మీరూ చూడలేదు. చూడకముందే నూట ఎనభై రెండు గుంటలు పూడ్చడానికి మీరెవరు? ఈ అబ్బాయి ఎవరు?"

ఆ 'ఈ అబ్బాయి'ని నేనే. జీవితంలో ఎన్ని బేరాలు ఓడిపోయానో చెప్పను గానీ, అలా ఓడింది అదొక్కసారే.

"బండికి ఎంతసేపుంది?" అని స్టేషన్ మాస్టరును అడిగాను.

"మూడు గంటలు."

బజారు మీద పడ్డాను. గుడ్డల కొట్టాయన దగ్గరికి వెళ్ళి ఇన్ని దుప్పట్లు కావాలంటే, "అన్నెందుకురా, సగం తీసుకుపో," అన్నాడు నవ్వుతూ. చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "బాబాయ్, ఈ ఒక్కపూటా ఆ మాట అనొద్దు," అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన ఒక క్షణం నా ముఖం చూసి, తానుల వెనక ఉన్న కట్ట కూడా తీసి బండిలో వేశాడు. దూదేకుల సాయిబు కుట్టి పెట్టిన బొంతలు భుజాన వేసుకొని తానే స్టేషనుకు నడిచాడు. సంగతి విన్న మిరపకాయల రైతు "ఆనాడే చెప్పా, కట్ట కట్టించుకోమని. వినరు," అని తిట్టుకుంటూ బండిలో ఇంటికి కొనుక్కున్న జొన్నల బస్తా దించేశాడు. మా అరుగు మీద వీధి ఆడవాళ్ళు ముడులు వేస్తూనే ఉన్నారు. నకరికల్లు ఇల్లాలు అందరికంటే గట్టిగా ముడి వేస్తూ, అందరికంటే గట్టిగా నన్ను తిడుతోంది. ధర పెంచి అడగడం, ఇంకా ఇంకా ఇమ్మనడం నాకు కొత్త. నా గొంతు నాకే వేరేవాడి గొంతులా వినిపించింది.

బండి వచ్చేసరికి నాలుగొందల మూడు మూటలయ్యాయి.

"ఇక తొమ్మిదే గదా పిన్నమ్మా," అన్నాను. చెమటలు కారుతున్నాయి. నిజంగా జాలిగానే అన్నాను, నా మీద నాకు.

"ఏ తొమ్మిది?" అంది ఆమె.

మళ్ళీ పరిగెత్తాను. మా ఇంట్లో ఉన్న దుప్పట్లు ఏడు. మా అమ్మ అడగకుండానే దులిపి, కొట్లో జొన్నలు పోసి, అన్నీ కట్టేసింది. మిగతా రెంటికీ నాయన భుజం మీది కండువా ఒకటి, నా పెళ్ళి పంచె ఒకటి. నాయన కండువా లేని భుజంతో, ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేక, అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. నేను తిరిగి స్టేషనుకు చేరేసరికి గార్డు పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకొని, ఇంజను వైపు చూడకుండా ఆకాశం కేసి చూస్తున్నాడు. ఎవరూ ఆయన్ని ఆగమనలేదు.

ఆమె ఆ తొమ్మిదింటి మీదా అరచేయి అదిమింది. "ఎక్కించండి," అంది. తానూ ఎక్కి మూటల మధ్య కూర్చుంది.

కొసరుగా ఒక మంచి మాటైనా అంటుందేమోనని పెట్టె పక్కన నిలబడ్డాను. కొసరు కూడా ఇవ్వలేదు. బండి వెళ్ళిపోయింది.

తర్వాత ఏడెనిమిది సంతలు ఆమె రాలేదు. ఆ వూరి గురించి రైలువాళ్ళు రకరకాలుగా చెప్పేవాళ్ళు. వింటూ ఉండేవాణ్ణి. సగం చేసేవాణ్ణి కాదు, కలిపేవాణ్ణీ కాదు. అరుగు కింద ఆమె చోట ఇంకొకడు చీపుర్లు పెట్టుకోబోతే, నాయన లేపేశాడు.

ఆ పై సంతకు వచ్చింది. వెనక స్టేషను దగ్గర మాట్లాడుకున్న ఎడ్లబండి ఒకటి, దాని నిండా మూటలు. ఆమే ఒక్కొక్కటీ దించి మా కొట్టు ముందు వరసగా పెట్టింది. ముడులు మా వీధి ఆడవాళ్ళు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నకరికల్లు ఇల్లాలి ముడి నేను గుర్తుపట్టాను. ఆమె కూడా గుర్తుపట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది పిన్నమ్మా ఇవి?"

"ఎవరూ వచ్చి తీసుకోని కుప్పలు. మూణ్ణాళ్ళని మా ఆచారం. ఈసారి నెల ఉంచాం. ముప్పై ఒకటి."

"తెచ్చావెందుకు? అక్కడే ఎవరో ఒకరు వాడుకునేవాళ్ళు గదా. ఆకలితో ఉన్నారు గదా."

"అడిగా. ఎవరూ ముట్టలా. ఆళ్ళ కుప్ప మీద ఎవరు చెయ్యేస్తారు అబ్బాయ్?"

ముప్పై ఒకటి. ఆ అంకె నా చెవిలో పడగానే లోపల నుంచి పాత అలవాటు లేచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అణా లాభం లేకుండా, ఒక అంకెను తగ్గించమని బతిమాలాలనిపించింది. పదిహేను చెయ్యి పిన్నమ్మా. పదైనా తగ్గించు. ఆమె ముఖం చూశాను. ఆమె ధర ఒకటే మాట.

గోతం పరిచి, ఉప్పు గోతం మూతి విప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడవాల్సింది అక్కడే ఏడిచి వచ్చింది. గుప్పెటతో ఉప్పు తీసి తూర్పు అంచు పోయడం మొదలుపెట్టింది.

"పెన్సిలుందా? మూడొందల ఎనభై ఒకటి. రాసుకో. వచ్చే యేడు మళ్ళీ అడుగు. పెరుగుద్ది. పెరగకుండా నేను చావను."

రాసుకున్నాను.

వెనక నుంచి నాయన మెల్లగా, అలవాటు కొద్దీ అన్నాడు. "ఒరేయ్, ఆ మూటలు ఒకసారి లెక్క చూసుకో."

నేను చూసుకోలేదు.